ఎర్రదారం, పసుప్పచ్చ సూర్యుడు

పదిహేడో వారం

పోయిన వారం సోమక్కను బస్తీ దవాఖాన మెట్ల మీద, చేతిలో చాయ్ గ్లాసుతో వదిలేసి వచ్చాం. ఆ చాయ్ ఆమె తాగనే లేదు. శ్రావణ శనివారం, పొద్దున తొమ్మిదిన్నర. వెనక గల్లీలో మరమగ్గాల మీద పనిచేసే పండరి ఇంట్లో పడిపోయాడని ఫోను వచ్చింది. చిక్కేమిటంటే ఆ ఫోను మోగింది సోమక్క చేతిలో కాదు, ఆరు నెలల కింద డోర్నకల్ నుంచి వచ్చి చేరిన స్టాఫ్ నర్సు మహిత చేతిలో.

ఇరవై ఆరేళ్ళు! వరంగల్లోని ఈ నేతపనివాళ్ళ వాడలో ఎవరికి జ్వరమొచ్చినా, ఏ కోడలికి నొప్పులు మొదలైనా మొదట కబురు వెళ్ళింది ఏఎన్ఎం సోమక్కకే. సెల్‌ఫోన్లు రాకముందు ఆమె ఇంటి తలుపు కొట్టేవాళ్ళు, వచ్చాక ఆమెకు ఫోను కొట్టేవాళ్ళు. పండరి పెళ్ళాం శ్యామలమ్మ రెండు కాన్పులకూ తోడుండి చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఎవరు? సోమక్క. ఆ శ్యామలమ్మ ఇవాళ, మొగుడు నేల మీద పడి ఉంటే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు ఫోను చేసింది.

మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఇలాంటివి పట్టించుకుంటారా అని మీరు అడగొచ్చు. పట్టించుకుంటారు. సోమక్క పరుగెత్తుతూనే పట్టించుకుంది.

ముందు మహిత, భుజాన బ్యాగుతో, చెవి దగ్గర ఫోను పెట్టుకుని 108కు చిరునామా చెబుతూ. వెనక మోకాళ్ళ నొప్పులతో సోమక్క. గల్లీ మలుపులో అరుగు మీద కూర్చున్న ముసలి బక్కమ్మ లేచి నిలబడి, "మహితమ్మా, జల్ది పో బిడ్డా!" అని కేకేసింది. వెనకే వస్తున్న సోమక్కను పలకరించను కూడా లేదు. బక్కమ్మ రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ చేయించింది సోమక్కే. చేయించిన ఆ కళ్ళకు తానే ఆనడం లేదే అనుకుంది సోమక్క.

పండరి ముందు గదిలో చాప మీద పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమటతో తడిసి ముద్దయింది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి గానీ చూపు లేదు. శ్యామలమ్మ ఒక చేత్తో బెల్లం నీళ్ళ చెంబు పట్టుకుని, రెండో చేత్తో మొగుడి దవడ పట్టి నోరు తెరవబోతోంది.

"ఆగు! పొయ్యకు!" గుమ్మంలోంచే అరిచింది సోమక్క. "తెలివి లేని మనిషి నోట్ల నీళ్ళు పోస్తే ఊపిరి గొట్టంల వడ్తయి. తెలివుంటెనే చక్కెర నీళ్ళు. లేకుంటె పక్కకు ఒత్తిగిల పండవెట్టాలె, గంతే."

మహిత అప్పటికే అతని వేలికి సూది గుచ్చి మిషన్‌లో చూసింది. ముప్పై నాలుగు. "షుగర్ మొత్తం పడిపోయింది అక్కా," అంది. గ్లూకోజ్ సూది సిద్ధం చేసుకుని నరం కోసం వెతికింది. ఒకసారి గుచ్చింది, దొరకలేదు. రెండోసారి గుచ్చింది, చర్మం కింద ఉబ్బింది. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది.

చెప్పుకోవడానికి సిగ్గుచేటే గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ క్షణంలో సోమక్కకు సంతోషం కలిగింది. పండరి చల్లబడిపోతున్నాడు, శ్యామలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది, సోమక్కకు మాత్రం లోపలెక్కడో చల్లగా ఉంది. "లే, నేను జూస్త," అని మహితను జరిపి కూర్చుంది. మణికట్టు దగ్గర రెండు వేళ్ళతో తట్టింది. ఒక్క పోటు. గ్లూకోజ్ మెల్లమెల్లగా లోపలికి దిగింది.

నాలుగైదు నిమిషాలకు పండరి మూలిగాడు. రెప్పలు కొట్టుకున్నాడు. ఇంటి పైకప్పు చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, తర్వాత ఎండిన పెదాలు కదిపాడు.

"మహితమ్మ వచ్చిందా?"

ఖాళీ అయిన సూది ఇంకా సోమక్క వేళ్ళ మధ్యే ఉంది.

"వచ్చిన అన్నా, ఈడనే ఉన్న," అంటూ మహిత ముందుకు వంగింది. "శ్యామలక్కా, అన్న పొద్దుగాల ఏం తిన్నడు?"

"ఏం తినలే మహితమ్మా. ఇయ్యాల శ్రావణ శనివారం కద, ఒక్కపొద్దు. మాపటికే తింటడు. రాత్రి డ్యూటీ దిగి ఏడింటికి వచ్చిండు. తానం జేసి దేవునికి మొక్కిండు. గా సూర్యుని కవరుల గోలి ఏసుకొని పండుకున్నడు. పొద్దు పొడిసినంక సూర్యుని గోలి అని నువ్వే చెప్తివి కద. ఒక్కరోజు గూడ తప్పలే."

మహిత తల తిప్పి గూట్లో ఉన్న తెల్ల కవర్ల వైపు చూసింది.

అంతలో 108 బండి వచ్చింది. ఈ గోలి బలం పొద్దంతా ఉంటుందనీ, ఇప్పుడు లేచి కూర్చున్నా మళ్ళీ పడిపోవచ్చనీ, ఒక రోజు పెద్దదవాఖానలో ఉంచి చూడాలనీ మహిత చెప్పి పంపింది. శ్యామలమ్మ బండి ఎక్కుతూ మహిత రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. సోమక్క వైపు చూసి, "అక్కా, ఇంటికి జర తాళమెయ్యి," అంది.

బండి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. మహిత గూట్లోంచి గోలీల కవర్లు తీసి, వాటి మీది పసుప్పచ్చ సూర్యుణ్ణి చూస్తూ గడప మీద కూలబడింది.

ఆ సూర్యుడి సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

షుగర్, బీపీ గోలీలు దవాఖానలో నెలకోసారి పంచుతారు. చదువురాని వాళ్ళు కలగాపులగం చేసుకోకుండా సోమక్క ఎన్నో ఏళ్ళ కింద ఒక ఉపాయం కనిపెట్టింది. వాడలో దారానికి కొదవేముంది? ఎర్రదారం కట్టిన పొట్లం నిద్ర లేచాక, అన్నానికి ముందు. నీలిదారం కట్టిన పొట్లం పడుకోబోయే ముందు. నేసేవాళ్ళకు అక్షరం రాకపోవచ్చు, రంగు మాత్రం మరిచిపోరు. పొద్దున అనీ, రాత్రి అనీ సోమక్క ఎన్నడూ చెప్పలేదు. ఎందుకంటే వాడలో సగం మంది మగవాళ్ళకు పొద్దు గుంకాకే తెల్లవారుతుంది. రాత్రంతా మగ్గాల మధ్య నిలబడి పగలు పడుకుంటారు. ఒక్కపొద్దు ఉన్ననాడు ఎర్రదారం విప్పొద్దని, ముందు నన్నడగమని కూడా చెప్పేది. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. అన్నీ సోమక్క నోట్లోనే ఉండేవి.

మహిత వచ్చాక తెల్ల కవర్లు వచ్చాయి. పొద్దుటి గోలికి సూర్యుడు, రాత్రి గోలికి చందమామ. చూడముచ్చటగా ఉన్నాయి, కాదనడానికి లేదు. డాక్టర్ రమాకాంత్ తెగ మెచ్చుకున్నాడు. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు ఫొటో తీయించి, అన్నిచోట్లా ఇలాగే పెడదామన్నాడు. ఆ ఫొటోలో మహిత నడిమధ్యన ఉంది. సోమక్క ఒక చివర, సగం భుజం తెగిపోయి ఉంది. అదే రోజు దారపు ఉండలు రెండూ బల్ల సొరుగులోకి పోయాయి.

రెండు వారాల కింద, ఆ కవర్లలో మొదటిసారి గోలీలు పంచిన రోజు, పండరి సూర్యుడి కవరు అందుకోవడం సోమక్క చూసింది. రాత్రి డ్యూటీ మనిషికి పొద్దుటి గోలేంటి, ఇతను తిని పడుకుంటే సరే, తినకుండా పడుకుంటే? మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే శ్యామలమ్మ, "గీ కవర్లు మంచిగున్నయి మహితమ్మా. గా దారాల ముడి ఇప్పలేక సచ్చేటోళ్ళం," అంది. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. డాక్టర్ కూడా నవ్వాడు.

సోమక్క ఆ మాటను మింగేసింది.

ఇప్పుడు గడప మీద మహిత ఏడుస్తోంది. "నేనే అక్కా. నేనే జేసిన. ఇంకో గంటైతే మనిషి పోతుండె. కవర్లు నావి, చెప్పింది నేను. సార్‌కు నేనే చెప్త. తప్పు నాదని రాసిస్త. ఏం జేస్తె అది జెయ్యనీ."

సోమక్క పక్కనే నిలబడి ఉంది. తానేమీ చేయనక్కర్లేదు. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు. మహిత రాసిస్తుంది, డాక్టర్ ముఖం ముడుచుకుంటాడు, ఆఫీసరు తన ఫొటో వెనక్కి తీసుకుంటాడు. నెల తిరక్కుండా ఈ పిల్ల డోర్నకల్ రైలెక్కుతుంది. సొరుగులోంచి దారపు ఉండలు బయటికి వస్తాయి. రేపు శ్యామలమ్మకైనా, బక్కమ్మకైనా ఎవరు గుర్తొస్తారు? తానేమీ అబద్ధం ఆడటం లేదు కదా, కవర్లు నిజంగా మహితవే కదా అని కూడా అనుకుంది.

వంగి మహిత వీపు నిమిరింది. "ఊకో పిల్లా. నీకెట్ల తెలుస్తది? నువ్వు కొత్త."

కొత్త అన్న ఆ మాట నోట్లో ఎంత తియ్యగా ఉందో! ఆరు నెలలుగా అనాలనుకున్న మాట అది.

మహిత ముక్కు తుడుచుకుని తలెత్తింది. ఏదో లెక్క వేస్తున్నట్టు గల్లీ వైపు చూసింది.

"అక్కా, పండరన్న ఒక్కడేనా?"

"ఏంది?"

"రాత్రి డ్యూటీ జేసెటోళ్ళు ఇంకెంతమంది ఉన్నరు? షుగర్ ఉన్నోళ్ళు? అందరికీ గివే కవర్లిచ్చిన. అందరికీ ఇయ్యాల ఒక్కపొద్దేనాయె!"

సోమక్క కూడా గల్లీ వైపు తిరిగింది. కవర్లు వచ్చాక ఇదే మొదటి శ్రావణ శనివారం. మామూలు రోజుల్లో వీళ్ళు డ్యూటీ దిగొచ్చి ఇంత తిని పడుకుంటారు కాబట్టి గండం గడిచింది. ఇవాళ ఎవరూ తినరు. గల్లీ పొడుగునా తలుపులు మూసి ఉన్నాయి. పగలు పడుకునేవాళ్ళ ఇళ్ళు అలాగే ఉంటాయి, లోపల చడీచప్పుడూ ఉండదు, పిల్లలు కూడా గట్టిగా అరవరు. నిద్రపోయిన మనిషి, తెలివి తప్పిన మనిషి బయటినుంచి చూస్తే ఒక్కలాగే ఉంటారు. లేపితే కదా తెలిసేది!

"పేర్లు చెప్పక్కా, జల్ది!"

సోమక్క వేళ్ళు మడిచింది. "సత్యనారాయణ. ఎంకట్రాజం. మూల మీది సారంగపాణి. పెద్దులు..." ఆరు పేర్లు వచ్చాయి. తర్వాత వేలు మడత పడలేదు. "పండరితోని కలిపి మొత్తం పదకొండు మంది. ఇంకా నలుగురు. నలుగురున్నరు."

"పదకొండని నీకు గంత పక్కాగ ఎట్ల తెలుసు?"

"రాసిపెట్టుకున్న."

నోరు జారింది.

"ఏడ?" మహిత లేచి నిలబడింది.

సోమక్క చెయ్యి తెలియకుండానే భుజానికున్న సంచీ మీదికి పోయింది. అందులో అట్ట చిరిగిన పాత పుస్తకం ఉంది. ఇరవై ఆరేళ్ళుగా కళ్ళు చూసిందల్లా చేత్తో రాసుకునే అలవాటు ఆమెది. ఏ పసిగుడ్డు బరువెంత, ఏ ఇంట్లో ఎవరికి ఏ గోలి పడదు, ఎవరు ఏ డ్యూటీ. రెండు వారాల కింద, ఆ నవ్వుల రోజున, ఇంటికి పోయే ముందు కూర్చుని రాత్రి డ్యూటీ షుగర్ పేషెంట్ల పేర్లు పదకొండూ వరుసగా రాసింది. కింద తేదీ వేసింది. దాని కింద ఇలా రాసింది: "వీళ్ళందరికీ సూర్యుడి కవర్లు ఇచ్చినరు. తప్పు. తినకుంట పండుకుంటే షుగర్ పడిపోతది. ఎవలూ నన్ను అడగలే."

ఎందుకు రాసింది? రేపు ఏదన్నా జరిగితే డాక్టర్ బల్ల మీద ఆ పుస్తకం పరిచి, చూడండి సార్, నేను ఆనాడే పట్టుకున్నాను అనడానికి. ఏదన్నా జరగడం అంటే ఒక మనిషి చాప మీద చెమటలు కక్కుతూ పడి ఉండటమని అప్పుడు ఆమెకు తట్టలేదు. మహిత తలవంచుకుని నిలబడటం మాత్రమే తట్టింది. చాలా రాత్రులు ఆ దృశ్యాన్ని తలుచుకుంటూ హాయిగా నిద్రపోయింది కూడా.

పుస్తకం ఇంట్లో ఉందని చెప్పొచ్చు. ఆ కాగితం చింపేయొచ్చు. కానీ పేర్లూ ఆ కాగితం మీదే ఉన్నాయి. సోమక్క కళ్ళు గట్టిగా మూసుకుని మిగిలిన నలుగురినీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఒక్క ముఖం కూడా రాలేదు. పండరి చెమట ముఖమే అందరి మీదా అడ్డుపడింది.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత. పుస్తకమేడుంది?"

సోమక్క సంచీలోంచి తీసి, ఆ పేజీ తెరిచి ఇచ్చింది.

మహిత వేలు పేర్ల మీద పైనుంచి కిందికి దిగింది. పెదాలు కదుపుతూ ఒక్కో పేరూ చదివింది. పదకొండో పేరు దాటి వేలు ఇంకా కిందికి జారి ఆగిపోయింది. పక్క షెడ్డులో పగటి డ్యూటీ వాళ్ళ మగ్గాలు టకటకా కొట్టుకుంటున్నాయి. మహిత ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివింది.

"పదిహేను రోజులాయె," అంది మెల్లగా. "నీకు తెల్సు."

"తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

అబద్ధం చెప్పడానికి బోలెడు దారులున్నాయి. డాక్టర్ వినడనుకున్నాను, మరిచిపోయాను, నువ్వే అడుగుతావనుకున్నాను. ఏదీ నోటికి రాలేదు.

"నువ్వంటే నాకు కుళ్ళు," అంది సోమక్క. "వాడంత నీ యెంట వడ్డది. నా దారాలు జూసి నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవు. గందుకే చెప్పలే. నీకే అయితది, నీకే తగుల్తది అనుకున్న. పండరికి తగుల్తదని అనుకోలే."

మహిత తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆ పిల్ల పుస్తకం మూసి, తన బ్యాగులో పెట్టుకుని, జిప్పు చివరిదాకా లాగింది. ఇరవై ఆరేళ్ళలో ఆ పుస్తకం మరొకరి సంచీలోకి పోవడం అదే మొదలు.

తర్వాత ఫోను తీసి డాక్టర్ రమాకాంత్‌కు చేసింది. "సార్, పది మందిని లేపాలె. పేర్లు వాట్సప్ జేస్తున్న. ఆశా అక్కలను పంపుండ్రి. లేస్తె చక్కెర నీళ్ళు, ఎనుకనే అన్నం. ఒక్కపొద్దంటె ఇనొద్దు. లేవకుంటె నోట్ల ఏం పొయ్యొద్దు, ఒత్తిగిల పండవెట్టి 108కు జెయ్యాలె. ఎవరి తప్పో తర్వాత చెప్త సార్."

ఫోను పెట్టి సోమక్క వైపు తిరిగింది. అక్కా అనలేదు.

"వీళ్ళల్ల ఇంట్ల ఒక్కలే ఉన్నోళ్ళు ఎవలు? లేపెటోళ్ళు లేనోళ్ళు?"

ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. సోమక్కకే తెలుసు. "గట్టయ్య," అంది వెంటనే. ఇందాక ఎంత గింజుకున్నా రాని పేరు. "పెండ్లాం నిన్ననే పాలకుర్తి గుట్ట మీది గుడికి పోయింది. సోమారం దాక రాదు."

"ఇల్లేడ?"

"దా, చూపిస్త."

ఈసారి సోమక్క ముందు. మోకాళ్ళు ఉన్నాయో లేవో ఆమెకు తెలియదు. రెండు గల్లీలు దాటి, నీళ్ళ ట్యాంకు పక్కనుంచి, దారాలకు అద్దకం వేసే షెడ్డు వెనక్కి. వెనక మహిత చెప్పుల చప్పుడు వినిపిస్తోంది గానీ మాట వినిపించడం లేదు. బక్కమ్మ అరుగు ముందు నుంచే వెళ్ళారు. "సోమక్కా, ఏమైంది బిడ్డా?" అని ముసలమ్మ అడిగింది. అడిగింది ఎవరినో, ఏ పేరు పిలిచిందో సోమక్కకు పట్టనే లేదు.

గట్టయ్య ఇంటి తలుపు మూసి ఉంది. తోసింది, కదల్లేదు. లోపల గొళ్ళెం. "గట్టన్నా! ఓ గట్టన్నా!" అరచేతులతో దబదబా బాదింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. "పొద్దుగాల వచ్చి పండుకున్నడక్కా, నిద్రల ఉన్నడు," అన్నారెవరో నింపాదిగా.

సోమక్క తన ఫోను తీసి గట్టయ్యకు చేసింది. లోపల మోగింది. ఆగింది. మళ్ళీ చేసింది.

మహిత పక్కనున్న కిటికీ రెక్క సందులోకి వేళ్ళు పెట్టి లాగింది. బెత్తెడు తెరుచుకుంది. "గడ్డపార తెండ్రి," అంది వెనక్కి తిరక్కుండా. ఆ గొంతు విని సోమక్క ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. గూట్లో చింపిన సూర్యుడి కవరు. చాప మీద, గోడ వైపు తిరిగి గట్టయ్య. వెనక్కి చాచిన చెయ్యి, దానికి జానెడు దూరంలో వెలుగుతూ, మోగుతూ ఫోను.

అది సోమక్క చేసిన ఫోనే. చెయ్యి కదల్లేదు.